మొదటి సీనులోని తమ్ముడు

మా అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక, సియాటిల్ పక్కన బాతెల్‌లోని మా ఇంట్లో ఒక గది ఖాళీ అయింది. సియాటిల్‌లో ఒక థియేటర్‌వాళ్లు బయటి నుంచి వచ్చే నటులను ఇలాంటి ఇళ్లలో ఉంచుతారు. ఇంగ్లండ్ నుంచి ఒక కుర్ర నటుడు మా ఇంటికి అలా వచ్చాడు. పక్కింటి పిల్లలు పిలవడం విని తనూ నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టాడు. నేను పెట్టిందల్లా తిన్నాడు, గోంగూరతో సహా. అతనంటే నాకు ఇష్టం కలగడానికి అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు.

వాళ్ల దేశంలో అతని ముఖం తెలియనివాళ్లు తక్కువట. చిన్నప్పుడే లండన్‌లో స్టేజీ ఎక్కాడు. తర్వాత ఒక టీవీ సీరియల్‌లో డాక్టరుగారి కొడుకుగా ఏళ్ల తరబడి కనిపించాడు. గడ్డం మొలిచాక పిలుపులు తగ్గాయి. తనను చూస్తే అందరికీ ఆ పిల్లాడే గుర్తొస్తాడని ఒకరోజు గిన్నెలు తుడుస్తూ చెప్పాడు. అందుకే ఈ నాటకం ఒప్పుకున్నాడు. చేపలు పట్టుకుని బతికే ఇంట్లో తమ్ముడి పాత్ర. మొదటి సీనులో అన్నతో గొడవపడి పడవ మీద వెళ్తాడు, ఇక తిరిగి రాడు. మిగతా నాటకమంతా ఇంట్లోవాళ్లు అతని గురించే మాట్లాడుకుంటారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు లాస్ ఏంజిలిస్ నుంచి ఒకావిడ వస్తోందని తెలిసింది. టీవీ సీరియళ్లకు నటులను ఎంపిక చేయడం ఆవిడ పని. కొత్త సీరియల్‌లో యువ లాయర్ పాత్రకు ఇతన్ని చూడాలనుకుంది. అది దొరికితే ఇక్కడ నిలదొక్కుకుంటాడు, లేకపోతే నాటకం ముగియగానే ఇంటికి. ఆ ఆటకేమో టికెట్లు సగం కూడా అమ్ముడుపోలేదు. హాలు నిండుగా ఉంటే ఆట బాగా వస్తుందని, మీ స్నేహితులను తీసుకురాగలరా అని మొహమాటపడుతూ అడిగాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? మా తెలుగు గ్రూపులో పెట్టాను. ముందు రెండు వరుసలూ మావే. టికెట్లన్నీ నా ఫోన్‌లోకి వచ్చాయి.

ఆట రెండింటికి. మొదలవగానే తలుపులు వేసేస్తారని, మొదటి సీను అయ్యేదాకా ఎవరినీ లోపలికి పంపరని గ్రూపులో మళ్లీ మళ్లీ రాశాను. ఎవరూ చెవిన పెట్టలేదు. మాకు రెండంటే రెండున్నర. పుట్టినరోజు పార్టీలకైనా, పిల్లల డాన్సు ప్రోగ్రాములకైనా అలాగే వెళ్తాం. అక్కడ మొదలుపెట్టేవాళ్లూ మనవాళ్లే కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

నేను అరగంట ముందే లాబీలో ఉన్నాను. ఒక్కరూ రాలేదు. ఫోన్ చేస్తే, మా స్నేహితురాలు, “వచ్చేస్తున్నామే, హైవే ఎగ్జిట్ దగ్గరే ఉన్నాం” అంది. వెనకాల కుక్కర్ విజిల్ వినిపించింది. నాకు ఒళ్లు మండింది. రెండు కావస్తుంటే తలుపు దగ్గరి అమ్మాయి నన్నైనా లోపలికి వెళ్లమంది. నేను వెళితే వీళ్లకు టికెట్లు చూపించేదెవరు? పళ్లు నూరుకుంటూ అక్కడే నిలబడ్డాను. తలుపులు మూసేశారు.

పట్టుచీరలతో, టీ ఫ్లాస్కులతో వాళ్లు కార్లు దిగేసరికి మొదటి సీను అయిపోవచ్చింది. ఆ తర్వాత లోపలికి పంపారు. స్టేజీ మీద అందరూ మేము చూడని మనిషి కోసం ఏడుస్తుంటే, ఎవరి గురించి అని మావాళ్లు నన్ను గుసగుసగా అడిగారు. చివర్లో నటులంతా వరుసగా వచ్చి తల వంచినప్పుడు అతన్ని చూసి ఈలలు కూడా వేశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను పరుగున లాబీలోకి వచ్చి, అందరూ బాగానే ఉన్నారా అని అడిగాడు. ట్రాఫిక్ అంది మా స్నేహితురాలు, నవ్వుతూ. అతను నమ్మాడు.

మంగళవారం అతని ఏజెంట్ ఫోన్ చేశాడు. లాయర్ పాత్ర రాలేదు. కుర్రాడు బాగానే ఉన్నాడుగానీ, ఎదురుగా ఉన్న అన్న మీద చూపు నిలవలేదని, మాటిమాటికీ హాల్లోకి పోతోందని ఆవిడ అందట. కాఫీ తాగుతూ నాతో చెప్పాడు.

“ఆవిడ అన్నది నిజమే ఆంటీ. రెండు వరుసలూ ఖాళీగా కనిపించాయి. మీరంతా కార్లలో వస్తున్నారు కదా, దారిలో ఏమైనా జరిగిందేమోనని భయమేసింది.”

అంతమంది రాకపోవడానికి ప్రమాదం తప్ప ఇంకో కారణం ఉంటుందని ఆ పిల్లాడికి తోచలేదు. నేను కుక్కర్ సంగతి చెప్పేశాను. పెద్దగా నవ్వాడు. తర్వాత కప్పు కడిగి బోర్లించి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం గ్రూపులో నేను రాసిన మాటలు ఇక్కడ రాయను. ఆఖరి ఆటకు అందరూ మళ్లీ టికెట్లు కొనుక్కుని, తలుపులు తీయకముందే వచ్చి నిలబడ్డారు. మొదటి సీను అప్పుడు చూశాను. అన్న మీద అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. తాడు భుజాన వేసుకుని అతను గుమ్మం దాటుతుంటే మా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత బాగా చేశాడు. ఆ రోజు హాల్లో టీవీవాళ్లెవరూ లేరు.