పడవకు నాలుగు బోల్టులు

కంభం చెరువులో చేపలు పడదామని కోస్తా నుంచి ఒక పాత ఫైబరు పడవ కొని తెచ్చాను. పొడుగాటి రాడ్డు చివర ఫ్యాను తిరిగే ఇంజను దానికి బిగించాలి. ఈ చుట్టుపక్కల పడవల మెకానిక్కు ఎక్కడ దొరుకుతాడు? పొలాల్లో మోటార్లు బిగించే మా బామ్మర్దిని పిలిచాను. అదీ నా బుద్ధి తక్కువ. నేను టీ తాగి వచ్చేలోగా, సిమెంటు దిమ్మెకు మోటారు బిగించినట్టే, పడవ అడుగున నాలుగు బెజ్జాలు వేసి ఇంజను స్టాండుకు బోల్టులు దించాడు.

నీళ్లలోకి తోసి ఇంజను స్టార్ట్ చేయగానే ఆ అదురుకు బెజ్జాల్లోంచి నీళ్లు పైకి తన్నాయి. గట్టు పక్కనే మొలలోతులో పడవ మునిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందిరా ఈ పని?" అని అరిచాను.

వాడు నీళ్లలోకి చేతులు పెట్టి స్టాండును గట్టిగా ఊపి చూశాడు.

"అట్ల అరుస్తావేంది బావా? స్టాండు ఏమన్నా కదిలిందా, నువ్వే చూడు!"