బత్మా అపా తలగుడ్డ

నా భర్త మెదెర్ ఒక మనిషి బొమ్మ వేస్తే మూడు నెలలు పట్టేది. ముందు టర్పెంటైన్‌తో పలచన చేసిన మట్టిరంగుతో నీడలు మాత్రం వేసేవారు. అవి ఆరాకే నూనె కలిపిన రంగు. మా కొండ ఊరు కొచ్కోర్ చలికి ఒక్కో పూత ఆరడానికి పది రోజులు. ఆయన పోయి ఏడాదైంది. సగం ఆరిన బొమ్మలు నాలుగు ఇంకా గోడవైపు తిరిగే ఉన్నాయి.

ఒక చలికాలం బొమ్మకు ఆయన ముందు కూర్చున్నది పక్కవీధి బత్మా అపా; పెద్దావిడల్ని మేం అపా అంటాం. ఎనభై దాటాయి. పాతకాలం వాళ్ళలా తలకు ఎలెచెక్ చుట్టుకునేది, పదిహేను మూరల తెల్లగుడ్డ. మా ఆడవాళ్ళు పోయినప్పుడు ఒంటికి కఫన్‌గా చుట్టేదీ అదే.

చుట్టుకోవడానికి ఆమెకు గంట పట్టేది. పైగా మడతలు ఏ రోజూ ఒకలా వచ్చేవి కావు.

"ఈ చెక్క దిమ్మెకు చుట్టి ఇక్కడే వదిలెయ్, అపా," అన్నారు మెదెర్.

"రేపే పోతేనో?"

"రేపు నీ ముక్కుతో పనుంది. పోవడానికి వీల్లేదు."

ఆమె నవ్వి, గుడ్డ దిమ్మెకు చుట్టి, తలకు రుమాలు కట్టుకుని వెళ్ళింది.

ముఖం పూర్తయింది. తలగుడ్డ తెలుపు చివరికి ఉంచారు. ఒక సాయంత్రం జారిన మడత సర్దబోతే బొటనవేలి మీది ఎర్రరంగు గుడ్డకు అంటింది. టర్పెంటైన్‌తో తుడిస్తే మరక అరచెయ్యంత అయింది. రేపు అపాకి చెప్తానన్నారు.

తెల్లారగానే ఆమె కొడుకు ఖుబాన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మ పోయిందన్నా. ఒళ్ళు కడగడానికి నీళ్ళు కాగుతున్నాయి. గుడ్డ ఇవ్వు."

నేను మెదెర్‌ను లోపలికి లాగాను. "మన పెట్టెలో తెల్లగుడ్డ ఉంది. మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నా మొహంలోకి చూశారు. దిమ్మెను చంకన పెట్టుకుని ఖుబాన్ వెంట నడిచారు. నేనూ వెళ్ళాను.

అపా కూతురు అసిల్ తివాచీ మీద గుడ్డ విప్పుతోంది. పన్నెండో మూర దగ్గర చెయ్యి ఆగింది. ఆడవాళ్ళు మరక మీదికి వంగారు.

"నా వేలే," అన్నారు మెదెర్ గడప అవతలి నుంచి. "తుడవబోయి ఇంకా పాడుచేశాను."

అసిల్ మరక వాసన చూసింది, టర్పెంటైన్ ఇంకా ఘాటుగానే ఉంది. "నిన్ననే చెప్పడానికి నోరు రాలేదా?"

"భయమేసింది."

ఆమె గుడ్డను తల్లి పక్కన పరిచి మూరవేసింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"బతికినంతకాలం గుడ్డ చాల్లేదని సణిగింది. ఇవాళ మిగిల్చింది," అంటూ కత్తెర వేసి, మరక ముక్కను ఆయన మీదికి విసిరింది. "దీంతో కుంచెలు తుడిచావో, చేతులు విరుస్తాను."

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే ఏడుపందుకున్నారు.

మెదెర్ ఇంటికి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. పాడె లేచేవేళకు వాకిట్లో అందరికంటే వెనక, చేతులు జేబుల్లో దాచుకుని నిలబడ్డారు. ఖుబాన్ వెనక్కి తిరిగి చూశాడు.

"చేతులు బయటికి తియ్యన్నా. ఈ ముందు కొమ్ము పట్టుకో. అమ్మ తేలికే గానీ, దారి ఎగుడు."