చేతులు మారని చేను

ఆ టైలరమ్మ కుట్టుమిషను ముందు తప్ప ఎవరి ముందూ తల వంచే రకం కాదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, ఆరా. చొక్కా కుట్టించుకోడానికి వచ్చినవాణ్ణి పాత చొక్కా ఎక్కడ చిరిగింది, ఎలా చిరిగింది అని అడిగితే గానీ టేపు తీసేది కాదు.

తండ్రి పోయాక చేను ఆమెకొచ్చింది. దాన్ని అమ్మి, అద్దెకుంటున్న కొట్టు సొంతం చేసుకోవాలని ఆశ. కొట్టు యజమాని, కొంటావా ఇంకొకరికి ఇచ్చెయ్యనా అంటూ పీకల మీద కూర్చున్నాడు. కానీ ఒకే చేను ఏళ్ళ తరబడి చేసిన కౌలుదారుణ్ణి లేవగొట్టడానికి లేదని చట్టం. కౌలుదారున్న చేను కొని ఎవడు నెత్తి మీద పెట్టుకుంటాడు?

తండ్రేమన్నా తక్కువవాడా! పక్క చేను ఆసామితో కూడబలుక్కుని, ఇద్దరు కౌలుదార్లనీ ఏటా ఇటువాణ్ణి అటు, అటువాణ్ణి ఇటు మార్చేవాడు. ఎవడికీ ఎక్కడా హక్కు పుట్టకూడదని. ఆ ఇద్దరూ బావాబామ్మర్దులే. చేసే పనంతా ఎడమచేత్తోనే గనక ఒకాయన్ని ఊరంతా ఎడంచెయ్యి అనేవారు. రెండో ఆయన ఊరందరికీ బావే.

చేను ఖాళీ చేయించమని ఆమె పెట్టుకున్న అర్జీ మీద విచారణ దగ్గర పడుతుంటే టైలరమ్మ చేను చూడబోయింది. వంతు ప్రకారం ఈ ఏడు అది బావ చెయ్యాలి. కోత అయిపోయి మోళ్ళు మిగిలాయి. చూస్తే పక్క చేలో మోళ్ళ కోత ఒకవైపుకు వాలి ఉంది, తన చేలో రెండోవైపుకు. ఎడమచేతివాళ్ళు కత్తిరించిన గుడ్డ అంచు కూడా అంతే కదా! ఇక ఆగుతుందా? పక్క చేలో ఉన్న ఎడంచెయ్యిని పిలిచింది.

"బాబాయ్, ఈ చేను ఎవరు కోశారు?"

ఎడంచెయ్యి తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "మా బావేనమ్మా."

"బావకు చెయ్యెప్పుడు మారింది?"

ఆయన గట్టు మీద చతికిలబడ్డాడు. "దొరికిపోయాను తల్లీ. దుక్కి రోజున మీ నాన్నగారొచ్చి చూసేవారు. ఆయన వెనక్కి తిరగ్గానే ఎవరి చేలోకి వాళ్ళం పోయేవాళ్ళం. మొదట్నించీ ఇంతే. ఏడాదికోసారి మారితే నేల మాట వింటుందా? పెద్దాయన్ని మోసం చేశాం. ఎవరికీ చెప్పకమ్మా, పరువు పోతుంది."

ఆమె నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. చేను దక్కించే మాటను ఈయన దొంగసొత్తులా దాచుకుంటున్నాడే! చెప్పిందా, కొట్టు గోవిందా. "సరే బాబాయ్" అనేసి ఇల్లు చేరింది కానీ ఆ పూట కుట్టిన చొక్కాకు చేతులు రెండూ తిరగబడి వచ్చాయి.

విచారణలో అధికారి నేరుగా అడిగాడు. "ఈ చేను నువ్వు వరసగా చేస్తున్నావా?"

ఎడంచెయ్యి టైలరమ్మ వైపు చూశాడు. "లేదయ్యా. ఏటా మారతాం. పెద్దాయన మాట జవదాటలేదు."

పరువు నిలబెట్టుకుంటున్నాననుకుని తన నోటితోనే తన చేను వదిలేస్తున్నాడు. నోరు మూసుకుంటే చాలు, కొట్టు తనది.

"అబద్ధమండీ!" అంది లేచి. "ఏ ఏడూ మారలేదు. మా నాన్న కళ్ళుగప్పి మొదట్నించీ ఈయనే చేశాడు. నాతోనే ఒప్పుకున్నాడు."

ఎడంచెయ్యి మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావమ్మా! నమ్మి చెప్పాను కదా" అని అధికారికి దణ్ణం పెట్టాడు. "తప్పయిపోయిందయ్యా. రేపే చేను వదిలేసి పోతాను."

"ఎక్కడికి పోతావయ్యా?" అన్నాడు అధికారి నవ్వాపుకుంటూ. "మారలేదు గనకే నిన్నెవరూ లేవగొట్టలేరు."

ఎడంచెయ్యికి ఎంతకీ ఎక్కలేదు. "అంటే... మోసం చేసినందుకు చేనిస్తారా?"

టైలరమ్మ పైకే నవ్వింది. నవ్వుతూనే పమిటతో కళ్ళు తుడుచుకుంది. కొట్టు పోయినట్టే, ఆ సంగతి ఆమెకు తెలుసు.

అంతవరకూ గుమ్మం దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ బావ జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యెత్తాడు.

"అయ్యా, ఆ మోసంలో నేనూ ఉన్నానండీ!"