మట్టి కింది అంటు

దబ్బచెట్ల కిందే ఎర్సీలియా నడుం వంగిపోయింది. ఇటలీలోని కలబ్రియా తీరంలో ఆ చెట్లు నడుమెత్తు పందిళ్ల కిందే పాకుతాయి. కలుపు తీయాలన్నా, కాయ కోయాలన్నా మోకాళ్ల మీద నడవాల్సిందే. ముప్పై ఏళ్లు అలాగే నడిచింది.

యూదుల పర్ణశాలల పండక్కి కావలసిన కాయ అదే. ఏటా ఆగస్టులో వాళ్ల మతగురువు రబ్బీ ష్మేర్ల్ వచ్చి, నేలమీద బోర్లా పడుకుని, భూతద్దంతో ఒక్కో మొదలూ చూస్తాడు. రెండు జాతుల్ని కలపకూడదని వాళ్ల ధర్మశాస్త్రం. అంటుకట్టిన చెట్టు కాయ ఎంత చక్కగా ఉన్నా పండక్కి పనికిరాదు.

మూడో వరస మాత్రం ఆయన చూడడు. "అందులో అంటు లేదని సవేరియో మాటిచ్చాడు, చాలు" అంటాడు. సవేరియో ఎర్సీలియా మొగుడు. మాటిచ్చింది నిజమే. ఏడేళ్ల కిందట ఆ వరస మంచుకి మాడిపోతే, గుట్టుచప్పుడు కాకుండా నారింజ మొదళ్లకి అంటుకట్టి, అతుకు కనబడకుండా మట్టి ఎగదోసిందీ నిజమే. ఈ వసంతంలో పోతూ పోతూ ఆ సంగతి పెళ్లాం చెవిన వేసి, తను హాయిగా కళ్లు మూశాడు. అప్పట్నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

మరిది డొనాటోకి చెబితే నవ్వాడు.

"ఏం వదినా, దేవుడు అడవి ఒలీవ కొమ్మని మంచి చెట్టుకి అంటుకట్టాడని మన బైబిల్లో పౌలుగారే రాశారు కదా. గుళ్లో వింటూనే ఉన్నావు. మనకి లేని పట్టింపు వాళ్లకెందుకట?"

"ఆ కాయ పట్టుకుని దేవుడి ముందు నిలబడేది వాళ్లు, డొనాటో. మనం కాదు."

"అయితే చచ్చినోణ్ణి దొంగని చేస్తావా?"

ఆ మాట ఆమెని కోసేసింది.

రబ్బీ వచ్చాడు. మూడో వరసలో మొదళ్లు చూడకుండానే నాలుగు కాయలు కోసి పీచులో చుట్టాడు. ఐదోదానికి చెయ్యి చాపాడు. ఎర్సీలియా ఇక ఉండబట్టలేక చెట్టు కింద కూలబడి, చేతుల్తో మట్టి తోడేసింది. అతుకు బయటపడింది.

"మా ఆయన చేసిన పనే అయ్యగారూ. ఏడేళ్లయింది."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన ఆ అతుకు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"పోయిన పండక్కి మా నాన్నకి ఈ వరస కాయే తీసుకెళ్లానమ్మా. లేవలేని మనిషి, రెండు చేతులా పట్టుకుని ప్రార్థన చేశాడు. వారం తిరక్కుండా పోయాడు."

"ఆ ప్రార్థన చెల్లలేదా అయ్యగారూ?"

ధర్మం అడిగితే ఎన్నడూ తడుముకోని మనిషి. చుట్టిన నాలుగు కాయలూ విప్పి నేలమీద పెట్టాడు.

"తెలియదమ్మా" అన్నాడు.