తోలు తొడుక్కున్న కోడలు

ఆ వీధిలో ఆమెను చాటుగా అందరూ తోలుబొమ్మ అనేవారు. ఎదురుపడి అనే ధైర్యం ఎవరికీ లేదు. అలాగని ఆమె గయ్యాళేం కాదు, మాట్లాడితే నవ్వు తప్ప ఇంకోటి రాని మనిషి. కానీ తల మీద హెల్మెట్, ఒంటి మీద తోలు జాకెట్, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు, అవి చాలనట్టు తొడల నుంచి మడమల దాకా తోలు తొడుగులు వేసుకుని మోటార్ సైకిల్ మీద ఒక ఆడమనిషి ఎదురొస్తుంటే ఎంత వాగుడుకాయకైనా నోట మాట రాదు. ఆమె మలుపు తిరిగాకే ఆ నోళ్ళు తెరుచుకునేవి.

ఆమె ఉద్యోగం రక్తం మోయడం. ఊరి చుట్టుపక్కల చిన్న క్లినిక్కుల్లో తీసిన రక్తాన్ని ఐసు పెట్టెలో పెట్టుకుని, చెడిపోకముందే పెద్ద ల్యాబుకు చేర్చాలి. బస్సుల్ని నమ్ముకుంటే రిపోర్టు వచ్చేలోపు రోగమే ముదిరిపోతుంది కాబట్టి బండి తప్పదు. తప్పకపోవడం ఒక వంక మాత్రమే లెండి. అసలు సంగతేమిటంటే ఆమెకు బండంటే ప్రాణం. వంటింట్లో గిన్నె జారితే విసుక్కునే మనిషి, గతుకుల రోడ్డు మీద ఒళ్ళు హూనమైనా పాట పాడుకుంటూ వచ్చేది.

ఆమె భర్త ఆ వీధి మొదట్లో బేకరీ నడుపుతాడు. చీమకు కూడా దారిచ్చి నడిచే రకం. ఆ బేకరీ పక్కనే మామగారి కొట్టు. బండ్లకు సీటు కవర్లు కుట్టడం ఆయన పని. ఆ ముగ్గురూ ఉండేది ఆ రెండు కొట్ల మీది గదుల్లోనే.

ఈ తోలు వేషం మొదట్నుంచీ లేదు. మామూలు నూలు ప్యాంటు వేసుకుని తిరిగే రోజుల్లో ఒకసారి వానకు తడిసిన రోడ్డు మీద బండి జారింది. పెద్ద వేగమేం కాదు. అయినా రోడ్డు ఆమె ఎడమ కాలిని తొడ నుంచి చీలమండ దాకా కొబ్బరి కోరినట్టు కోరేసింది. చాలాకాలం మంచం దిగలేదు. కట్టు మార్చినప్పుడల్లా పళ్ళు బిగబట్టింది ఆమె, కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఆమె భర్త. చివరి కట్టు విప్పిన రోజున ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బండి ఎక్కొద్దని చెప్పను. చెప్పినా నువ్వు వినవు. కానీ ఇంకొక్కసారి పడి రక్తం కళ్ళజూశామా, ఆ రోజే బండి అమ్మేస్తా. మాటివ్వు."

ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఇచ్చేదాకా ఆయన చెయ్యి వదిలితేగా! ఆ పూట నుంచీ ఆమెకు పడతానన్న భయం పోయి, బండి పోతుందన్న భయం పట్టుకుంది.

అలా ఉండగా దూరదేశాలు తిరిగే ఒక బండివాడు కుట్టు ఊడిన తోలు తొడుగులు పట్టుకుని మామగారి కొట్టు ముందు ఆగాడు. నడుముకు బెల్టు, దానికి వేలాడుతూ రెండు కాళ్ళకు రెండు తోలు గొట్టాలు. వాటిని ప్యాంటు మీద తొడుక్కుని పక్కన జిప్పు లాగుకోవడమే. చాప్స్ అంటారట. ఒక కాలి మీద తోలు గీసుకుపోయి తెల్లబడి ఉంది. "దీని కింద కాలికేం కాలేదా?" అని ఆమె అడిగితే, ఆ బండివాడు ప్యాంటు మోకాలిదాకా ఎత్తి చూపించి నవ్వాడు. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"మామయ్యా, నాకూ అలాంటిది కుట్టిపెట్టండి."

"సీట్లకు కుట్టేవాడిని, కోడలికి కుట్టలేనా?" అన్నాడాయన. చూసిన నమూనా ఆయన మనసులో దిగిపోయింది. మందం తోలు తెచ్చాడు, మైనం పట్టించిన దారంతో జంట కుట్టు వేశాడు. అంతా బాగానే ఉంది గాని ఒకచోట ఆయన పరువు అడ్డొచ్చింది. ఆ తొడుగులకు వెనక భాగం ఉండదు. సీటు దగ్గర ఖాళీ. వెనక లేని ప్యాంటు ఇంటి కోడలికి కుట్టి ఇచ్చాడని నలుగురూ అనుకోరూ? ఆయన ఎవరితోనూ చెప్పకుండా, ఉన్నవాటిల్లోకెల్లా నున్నటి తోలు ముక్క తీసి వెనక భాగం మూసేశాడు.

బండి సీటు కవరు కూడా ఆయన కుట్టిందే, అదీ నున్ననే. నున్నటిదాని మీద నున్నటిది. మొదటి రోజు వీధి చివర బ్రేకు వేసేసరికి ఆమె సర్రున జారి పెట్రోలు ట్యాంకు మీదికి వచ్చి కూర్చుంది. గేరు మార్చినప్పుడల్లా వెనక్కి, బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి. పైగా కదిలినప్పుడల్లా కిర్రుకిర్రుమని చప్పుడు. ఇంటికి తిరిగొచ్చి కడుపు పట్టుకుని నవ్వింది.

"మామయ్యా, లోపల ప్యాంటు ఉంటుంది కదా! వెనక ఖాళీగా ఉంటేనే సీటు పట్టు దొరుకుతుంది."

ఆయన తల గోక్కున్నాడు. "ఆ సంగతి తెలుసులేవే. లోకం ఏమనుకుంటుందోనని..." అని గొణుక్కుంటూనే ఆ ముక్క ఊడదీశాడు. పారేయడానికి చేతులు రాక, దాన్నే రెండుగా కోసి గ్లవ్స్ అరచేతులకు అతికించాడు.

ఇక అప్పట్నుంచీ ఆమె బండెక్కితే చాలు, అన్నీ వేసుకోవాల్సిందే. పక్క వీధిలో ఉప్పు పొట్లం కొనుక్కురావాలన్నా అంతే. ఎండలకు లోపల చెమట కాలవలు కట్టేది. ఎదురింటి దర్జీ అయితే రోజూ కిటికీలోంచి ఒక మాట విసిరేవాడు.

"ఏమమ్మా, యుద్ధానికేనా?"

"అవును బాబాయ్, గెలిచొస్తా, టీ పెట్టి ఉంచు" అనేది ఆమె.

నవ్వుతూ అనేది గాని నొప్పి లేకపోలేదు. కట్టుకున్నవాడు కూడా ఆమె బకిల్స్ పెట్టుకుంటుంటే మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ తోలు చూస్తే ఆయనకు పాత కట్లే గుర్తొచ్చేవి.

సరే, ఆ రోజు రానే వచ్చింది. పెట్టె నిండా శాంపిళ్ళతో వంతెన దిగి మలుపు తిరుగుతోంది. ఏదో లారీ రోడ్డంతా కంకర కార్చుకుంటూ పోయింది. ముందు చక్రం పట్టు తప్పిన క్షణంలో ఆమె ప్రాణం గురించి అనుకోలేదు. "అయిపోయింది, నా బండి పోయింది" అనుకుంది. ఎడమ పక్కకు పడి, తోలు రోడ్డును బర్రున గీరుతుండగా చాలా దూరం జారి ఆగింది.

కాసేపు కదల్లేదు. తర్వాత వేళ్ళు ముడిచి చూసింది, మోకాలు మడిచి చూసింది. లేచి నిలబడింది. ఎడమ కాలి తోలు పిండి అద్దినట్టు తెల్లగా గీసుకుపోయింది. భయం భయంగా జిప్పు కాస్త దించి లోపలికి చెయ్యి పెట్టింది. పొడిగా ఉంది! చెయ్యి బయటకు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రక్తం చుక్క లేదు. నడిరోడ్డు మీద నిలబడి పకపకా నవ్వింది. చూస్తున్నవాళ్ళు పాపం తలకు తగిలిందేమో అనుకున్నారు.

బండికి అద్దం పగిలింది, హ్యాండిలు కాస్త వంగింది. బెల్టులతో బిగించిన పెట్టె మాత్రం చెక్కు చెదరలేదు. భర్తకు ఫోన్ చేద్దామనుకుని మానేసింది. ఫోన్లో "పడ్డాను" అన్న మాట వింటే చాలు, మిగతాది వినడు. ఎదురుగా నిలబడి చెప్పాలి. ముందు రక్తం ల్యాబుకు చేర్చింది, ఆ తర్వాతే ఇంటిదారి పట్టింది.

తప్పు అక్కడే జరిగింది. ఆమె పడడం బస్సులోంచి చూసిన కూరగాయలావిడ ఆమె కన్నా ముందే వీధిలో దిగింది. వీధి చివర ఆవిడ చెప్పిన "పడింది" అన్న మాట, నాలుగు గడపలు దాటేసరికి కాలు విరిగిందయింది, బేకరీ చేరేసరికి లారీ కిందికి వెళ్ళిందయింది.

ఆమె వచ్చేసరికి బేకరీ ముందు జనం. లోపల రొట్టెలు మాడిన కమురు వాసన. బండి ఆపి జనాన్ని తోసుకుని వెళ్తే, మెట్టు మీద భర్త కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి, మోచేతి నుంచి రక్తం కారుతోంది. కబురు వినగానే పిండి చేతులతో, పిండి చెప్పులతో పరుగెత్తి, కాలవ మీది బండ తట్టుకుని బోర్లా పడ్డాడట.

"ఏమైందండీ?" అంది ఆమె.

"నీకేమైంది?" అన్నాడు ఆయన, అదే క్షణంలో. "చూపించు. కాలు చూపించు ముందు!"

ఆమె అందరి ముందూ బకిల్ విప్పింది, జిప్పులు లాగింది. తోలు తొడుగులు నేల మీదికి జారాయి. లోపల నూలు ప్యాంటు పొద్దున పెట్టిన ఇస్త్రీ మడతతో సహా అలాగే ఉంది. వీధి మొత్తం ముక్కున వేలేసుకుంది. మామగారు గొంతుక్కూర్చుని ఆ తోలును బొటనవేలితో తడిమి చూశాడు.

"సగం మందం అరిగింది. కుట్టు ఒక్కటీ తెగలేదు" అన్నాడు. పైకెత్తిన ముఖంలో గర్వమూ ఉంది, కన్నీళ్ళూ ఉన్నాయి. "కోడలు పడిందంటే ఇలా పడాలి!"

దర్జీ ఊరుకుంటాడా? "మరి రక్తం కళ్ళజూస్తే బండి అమ్ముతానన్నావటగా అబ్బాయ్. చూశాంగా!"

జనమంతా గొల్లున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. భర్త వైపు చూసింది. ఆయన బండి వంకే చూస్తున్నాడు. ఆ చూపే ఆమెను భయపెట్టింది.

"ముందు కట్టు కట్టించాలి, ఎక్కండి" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ బండి ఎక్కింది లేదు. మామగారి కొట్లోంచి తెచ్చిన హెల్మెట్ తలకు పెడుతుంటే, "ఇంత దగ్గరికి ఎందుకు?" అని నసిగాడు గాని, ఆమె చూసిన చూపుకు ఎక్కి కూర్చున్నాడు. తొడుగులు మళ్ళీ వేసుకుని ఆమె బండి తీసింది. జనం రెండు పక్కలకూ తప్పుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, చూస్తే దర్జీయే. ఆ వీధిలో ఆమె అంత నిటారుగా కూర్చుని ఎప్పుడూ వెళ్ళలేదు. వెనక ఆయన ఆమె జాకెట్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

క్లినిక్‌లో నర్సు ఆయన మోకాళ్ళు చూసి, "బండి మీంచి పడ్డారా?" అని అడిగింది.

"పడింది ఆవిడండీ" అన్నాడు ఆయన. "దెబ్బలు నావి."

నర్సుకు ఏమీ అర్థం కాలేదు. మందు తగలగానే ఆయన సుర్రుమని ఊపిరి పీల్చి, భార్య చెయ్యి అందుకున్నాడు.

"ఇంత చిన్నదానికే ఇంత మంటా? నీ కాలంతా పోయిన రోజున..." అని ఆగాడు. ఆమె కాలి మీద తెల్లబడ్డ తోలు వంకే చూస్తున్నాడు. తర్వాత ఆ గీతల మీద మెల్లగా చెయ్యి వేశాడు. ఇన్నాళ్ళలో ఆయన ఆ తోలును ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఇది సగం అరిగిందన్నాడుగా నాన్న. రేపు దీంతో ఎలా వెళ్తావ్?"

రేపు అన్నాడు! రోడ్డు మీద పడ్డప్పుడు ఏడవని మనిషి, కాలు కోసుకుపోయిన రోజున కూడా ఏడవని మనిషి, ఆ ఒక్క మాటకు భోరుమంది.

"కొత్త జత అంటే మామయ్యకు నాలుగు రోజులు పడుతుందండీ" అంది ముక్కు చీదుకుంటూ.

"ఒక్కడే కుడితే నాలుగు రోజులు. నేను పక్కన కూర్చుని దారానికి మైనం పట్టిస్తాను" అన్నాడు ఆయన. "పద, నాన్న కొట్టు కట్టేయకముందే వెళ్దాం. కొంచెం గట్టిగానే తోలు బండి."