వణికే చేతికి కెమెరా

మా అన్న తండాలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మహబూబాబాద్ నుంచి ఆటోలో వెళ్తే కాసేపటి దారి. గృహప్రవేశం నాడు అందరూ కొత్త బట్టలు కట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాక, వదిన తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ భాష, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నువ్వు సదువుకున్నోనివి తమ్మీ, మంచిగ దియ్యి," అంది.

చాలా ఫొటోలు తీశాను. అన్నీ మసకగానే వచ్చాయి. ఒకదాంట్లో అమ్మకు రెండు ముఖాలున్నాయి. వదిన చూసి, "అందరం ఊగుతున్నట్టే ఉన్నం గదా," అని నవ్వింది. అన్న నవ్వలేదు. నా ముఖం కేసి, తర్వాత నా చేతి కేసి చూశాడు.

కొన్నేళ్లుగా నా కుడి చెయ్యి వణుకుతోంది. ఒళ్లో పెట్టుకుంటే మామూలుగానే ఉంటుంది. ఏదైనా పట్టుకుని ఎత్తితే మొదలవుతుంది. భూపాలపల్లి జిల్లాలో, టేకుమట్ల దగ్గరి ఒక బడిలో నేను పంతులును. బోర్డు మీద రాయాలంటే మణికట్టు బోర్డుకు ఆనించాలి. నలుగురిలో టీ ఇస్తే ఇప్పుడే తాగానంటాను. మా వైపు చెయ్యి వణికితే మనుషులకు తోచే కారణం ఒక్కటే, మందు. నేను ఒక్క చుక్క ముట్టి ఎరగను. కానీ తండా నుంచి వచ్చిన పంతులుకు ఆ పేరు అంటించడానికి పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

అన్న చూపుకు తట్టుకోలేక గబగబా అన్నాను: "ఫోన్ల ఫొటోలు గిట్లనే వస్తయ్ వదినా. నేను మంచి కెమెరా కొంటున్న. మళ్ల వచ్చినప్పుడు దాంతోని తీస్త."

సాయంత్రానికల్లా అమ్మ ఆ మాట తండా అంతా చెప్పేసింది. ఇక కొనక తప్పలేదు.

భూపాలపల్లిలో అద్దె గదిలో కూర్చుని కెమెరాల గురించి వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకరు జూమ్ ముఖ్యమన్నారు, ఇంకొకరు చీకట్లో బాగా తీసేదే కెమెరా అన్నారు. నేను వెతికింది మాత్రం చెయ్యి కదిలినా బొమ్మ కదలకుండా ఆపే ఏర్పాటు కోసం. ఆ వీడియోల్లో కుర్రవాళ్లు కెమెరా పట్టుకుని మెట్లు దిగుతుంటారు, బొమ్మ చెదరదు. అది చూసి నా కష్టం తీరిందనుకున్నాను. ఎంత తేలికైనదైతే అంత మంచిదని కూడా నాకు నేనే తేల్చుకున్నాను.

మా కాపురం జనగామలో. నా భార్య నర్మెట్ట బడిలో పని చేస్తుంది, నేను సెలవులకు వస్తుంటాను. బడి ఉండి గృహప్రవేశానికి రాలేకపోయింది. కెమెరా సంగతి చెబితే, "నీకు ఫొటోల పిచ్చి ఎప్పుడు వట్టింది?" అని అడిగి, తనూ బయలుదేరింది.

ఆదివారం పొద్దున జనగామలో ఫోన్లు, కెమెరాలు అమ్మే దుకాణానికి వెళ్తే నిండా మనుషులున్నారు. యజమాని ముప్పై దాటని మనిషి, మాటకారి.

"దేనికి సార్? పెండ్లిళ్లకా, యూట్యూబుకా?"

"ఇంట్ల వాడుకునేటందుకు. రోజూ ఫొటోలు, జర వీడియోలు."

నేను అడిగినట్టే అన్నిటికన్నా చిన్నది తీసి ఇచ్చాడు. చొక్కా జేబులో పట్టేలా ఉంది. రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. "ఊకె చూస్తె ఏం తెలుస్తది సార్, వీడియో తియ్యండ్రి," అంటూ నేను వద్దనేలోపే దానికి తీగ పెట్టి గోడ మీది పెద్ద టీవీకి కలిపాడు.

అరలు, యజమాని, పక్కన నా భార్య, అందరూ టీవీలో కనిపించారు. అందరూ వణుకుతున్నారు. రైలు పోతుంటే పట్టాల పక్కింట్లో బిందెలో నీళ్లు వణికినట్టు, సన్నగా, ఆగకుండా. దుకాణంలో తలలన్నీ టీవీ వైపు తిరిగాయి, ఆ తర్వాత నా చేతుల వైపు.

ఛార్జర్ కొనడానికి వచ్చిన ఒకాయన, "అన్న పొద్దుగాల్నే షురూ చేసినట్టుండు," అన్నాడు. నలుగురు నవ్వారు. యజమాని నవ్వు ఆపుకోవడానికి తల వంచాడు.

కెమెరా కింద పెట్టబోతే అద్దం మీద టకటకా కొట్టుకుంది. అప్పుడు నేను చేసింది తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. నేనూ నవ్వాను. "రాత్రి దోస్తుల దావతుండె," అన్నాను.

నా భార్య నా వైపు తిరిగి చూసింది. తర్వాత ఆ ఛార్జరు మనిషితో అంది, గొంతు పెంచకుండానే: "ఆయన తాగడు అన్నా. చెయ్యి వణుకుడు రోగం. ఏదన్న వట్టుకుంటె వణుకుతది."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన, "ఏమనుకోకు అక్కా," అని గొణుక్కుంటూ బయటికి పోయాడు. తాగుబోతుననుకున్నప్పటి కన్నా ఆ నిశ్శబ్దంలోనే నాకు ఎక్కువ సిగ్గేసింది.

యజమాని టీవీ తీగ పీకేసి ఇంకో కెమెరా తీశాడు. "తేలికదయితె చేతుల ఆగది సార్. గిది జర బరువు, పట్టుకునేటందుకు పట్టు గూడ ఉన్నది. కంటికి ఆనించుకుని తియ్యొచ్చు." మోచేతులు పక్కటెముకలకు అదిమి, కన్ను ఆనించి తీశాను. వణుకు తగ్గింది, పోలేదు. "కొంచెం అయితె గిది ఆపుతది. ఎక్కువయితె ఏ కెమెరా ఆపది," అన్నాడు.

మిగతావన్నీ నా భార్యే అడిగింది. ఫోన్ ఛార్జర్ దీనికి పనికొస్తుందా, వెనక వరసలో కూర్చున్నా స్టేజీ మీది పిల్లల ముఖాలు తెలుస్తాయా, కింద స్టాండు బిగించుకోవచ్చా. దుకాణం గడపలో నిలబడి రోడ్డవతలి దుకాణం బోర్డు దాకా జూమ్ చేసి చూసి, అదే ఖాయం చేసింది.

కెమెరా సంచి తను పట్టుకుంది, ఇంటి దారి పట్టాం.

"నీకెప్పటిసంది ఎరుక?" అన్నాను.

"శానా దినాలసంది. గుండీలు వెట్టుకునేటప్పుడు అటు మల్లి నిలవడ్తవు గదా."

"మరి అడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన." నాలుగడుగులు వేశాక ఆగింది. "తాగినోన్నని ఒప్పుకున్నవు గని, రోగమున్నదని ఒప్పుకోలే. గదే నాకు సమజ్ కాలే."

తన చేతిలోంచి కెమెరా సంచి తీసుకుని ముందు నడిచాను.

తర్వాత వరంగల్‌లో డాక్టరుకు చూపించుకున్నాం. ప్రాణానికి భయం లేదన్నాడు, మాత్రలు రాసిచ్చాడు, కొంత తగ్గింది. కొన్ని కుటుంబాల్లో వంశంలో వస్తుందని కూడా చెప్పాడు.

కెమెరా తీసుకుని మళ్లీ తండాకు వెళ్లినప్పుడు అమ్మ ఎర్రంచు చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. నా భార్య సంచిలోంచి కెమెరా తీస్తుంటే అమ్మ నన్ను చూసి, "నువ్వు తియ్యవారా?" అంది.

"నాకు చెయ్యి వణుకుతదే," అన్నాను.

అమ్మ ఆశ్చర్యపోలేదు. నా చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "మీ బాపుకు గిట్లనే ఉండె. పెండ్లినాడు నా చెయ్యి వట్టుకుంటె వణికింది. భయమనుకున్న."

"బాపు తాగెటోడు గదనే."

"అప్పటికింక తాగుడెక్కడిది? నాట్ల కాడ, కూలి కాడ, అందరు తాగుబోతు తాగుబోతనేటోళ్లు. ఎట్లయిన అంటున్నరని తాగిండో ఏమో. నాకేం ఎరుక?"

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆయన చేతులు నాకు గుర్తున్నాయి. వాటికి తాగుడు తప్ప ఇంకో కారణం ఉండవచ్చని ఎన్నడూ అనుకోలేదు, ఇంట్లో చదువుకున్నది నేనొక్కడినే అయ్యుండి కూడా.

మేమలా మాట్లాడుకుంటుండగానే నా భార్య వీడియో తీసింది. అందులో అమ్మ పక్కన నేను తల వంచుకుని కూర్చుని ఉంటాను, నా వణుకు గురించి మా మాటలన్నీ వినిపిస్తాయి. బొమ్మ స్పష్టంగా, నిలకడగా వచ్చింది. వదిన దాన్ని చుట్టాలందరికీ పంపింది. బడిలో తోటి పంతుళ్లకు నేనింకా చూపించలేదు.