పడటం కాదు

స్కేటింగ్ సమాఖ్య ఈ ఏడు అచ్చువేసిన స్మారక గ్రంథంలో నా మేనకోడలికి దక్కింది ఒకే వాక్యం: "తొలి ఫైనల్లో పడిపోయినా, తరువాత మూడుసార్లు విజేతగా నిలిచింది." అందులో మొదటి సగం అబద్ధం. కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి కనుక రాస్తున్నాను.

మా చెల్లెలు ఐసు హాలులో స్కేట్ల బ్లేడ్లకు సానపట్టేది. గ్యాలరీ మెట్ల కింద గది, గోడలనిండా ఇనుపరజను. పదును తెలియాలంటే బొటనవేలి గోరును అంచు మీద లాగేది. గోటిపొడి రాలితే పని అయినట్టు. ఆమె కూతురు ఆ గదిలోనే పెరిగింది. పాతబడిన అద్దెబూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని ఐసు మీదకు పరుగెత్తేది. ఒకచోట నిలిచేది కాదు కాబట్టి బొంగరం అన్నారు; ఆ పేరే స్థిరపడింది.

సానగదిలో శాసనం ఒక్కటే: "పడితే పడు గానీ చేతులు ఐసుకి ఆనించకు. వెనకొచ్చేవాళ్ల బ్లేడు వేళ్ల మీంచి పోతుంది." అలా బొంగరానికి చేతుల సాయం లేకుండా లేవటం నడకంత సహజంగా అబ్బింది. పందొమ్మిదో ఏట ఆ విద్యనే నృత్యంగా మలిచింది. సుడి తిరుగుతూ కుంగి, సంగీతం ఆగిన క్షణాన ఎడమ మోకాలు ఐసుకు ఆనించి, తలెత్తి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని లేచేది.

తొలి ఫైనల్లో అదే చేసింది. తెల్ల మఫ్లరు కట్టుకున్న న్యాయనిర్ణేత తన పట్టికలో "పడింది" అని రాశాడు. ఒక మార్కు కోత. అర మార్కు తేడాతో పతకం పోయింది. నిబంధనల పుస్తకం పదకొండో పుట ప్రకారం పడటమంటే "అదుపు తప్పి ఐసును తాకటం". ఆ మొదటి రెండు మాటలు ఆయన కంటికి ఆనలేదు. నా అప్పీలుకు, నిర్ణేతకు కనిపించిందే ప్రమాణమని జవాబు వచ్చింది. పచ్చకామెర్లవాడి సాక్ష్యం కూడా ప్రమాణమే కాబోలు.

చెల్లెలు సానరాయి ఆపి, "పోనీలేవే, పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారు" అంది.

"అసలు పడితే కదమ్మా."

"వచ్చే ఏడు ఆ ముక్క తీసెయ్. మళ్లీ ఆయనే కూర్చుంటాడు."

"కూర్చోనీ. నేనూ మళ్లీ వస్తాను."

"మొండిఘటం. అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

"మామయ్యేం చెబుతాడు, ఈపాటికి ఇంకో అర్జీ రాసేసుంటాడు" అంది బొంగరం. రాసిన మాట నిజమే. "అర్జీ వద్దు మామయ్యా. వచ్చే ఏటి ఎంట్రీ ఫారం ఇలా ఇవ్వు."

కొత్త విన్యాసానికి పేరు పెట్టే హక్కు పోటీదారుదే. ఆ పేర్లను నిర్ణేతల పట్టికలో అచ్చువేసి, ప్రదర్శనకు ముందు మైకులో చదువుతారు. బొంగరం ఖాళీ గడిలో "పడటం కాదు" అని రాసింది.

"ఇదేం పేరమ్మా?" అన్నాడు ఫారం తీసుకున్న గుమాస్తా.

"నిజమైన పేరండీ."

పేరు ఎలా ఉండకూడదో ఏ నిబంధనా చెప్పలేదు. నేను ముందే వెతికి ఉంచాను.

మరుసటి ఏడు నిండు హాలులో మైకు చదివింది: "ఏడో అంశం, పడటం కాదు." చవక టిక్కెట్ల వరుసల్లోంచి నవ్వు. బొంగరం సరిగ్గా నిర్ణేతల బల్ల ఎదుటే మోకాలు ఆనించింది. మఫ్లరు వంక చూసింది. చేతులు కట్టుకుని లేచింది. "పడటం కాదు" అన్న అచ్చు అక్షరాలకు ఎదురుగా "పడింది" అని రాయటానికి గుండె కావాలి. నా దగ్గరున్న నకలులో ఆ గడిలో ఒక సిరామరక, పక్కన పూర్తి మార్కులు ఉన్నాయి. ఆ ఏడూ, ఆపై రెండేళ్లూ పతకం ఆమెదే.

ఇప్పుడు ఆమె అదే హాలులో పిల్లలకు నేర్పుతోంది. స్మారక గ్రంథానికి ముందు సమాఖ్య ఒక ఉత్తరం పంపింది: ఆ విన్యాసానికి గౌరవప్రదమైన పేరు పెట్టుకుంటే పాత ఫలితం సవరించి పతకం ఇస్తారట. నా మనసు ఊగింది.

"ఇన్నేళ్లూ దీనికోసమే కదే తిరిగాం."

"నువ్వు పెట్టమంటే సంతకం పెడతాను మామయ్యా. చెప్పు, పెట్టనా?"

నేను ఆ ఉత్తరం మడిచేశాను. ఆమె నా కలం అందుకుని రాసింది: "ఆ పతకం మీ దగ్గరే ఉంచుకోండి. పేరు నా దగ్గర ఉంటుంది."

అందుకే గ్రంథంలో ఆ అచ్చు అబద్ధం.

ఆనాడు చెల్లెలు మా జవాబు చదివి, కాగితం అంచు మీద బొటనవేలి గోరు లాగి చూసింది.

"పదునుగానే ఉంది. పంపండి" అంది.